మాగాయ చిప్ప కోసం వంశధార దాకా

మొదటి రోజు: విశాఖ నుంచి పర్లాకిమిడి

ఈ ప్రయాణానికి కారణం అమ్మ చేతిలోంచి జారిపడిన ఒక చిప్ప.

రైతుబజారులో మాగాయ కాయ దిగిందని తెలియగానే అమ్మ అటక మీది డబ్బాలోంచి ఆల్చిప్ప తీసి కడగబోయింది. తడి చేతిలోంచి జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. నాకంటే పెద్దది అది. "పోనీలే, మంచి పీలర్ కొందాం" అన్నాను. అనకూడని మాట. పీలర్ తొక్కతో పాటు కండని కూడా లాగేస్తుందట. చిప్ప అయితే పచ్చటి పొరని ఒలిచి, కింది గట్టి కండ జోలికి పోదట. మాగాయ ముక్క ఏడాది తిరిగినా మెత్తబడకుండా ఉండేది అందుకేనట. నిజమో కాదో నాకు తెలియదు గానీ, అమ్మ మొహం చూశాక వాదించాలనిపించలేదు.

ఈ పనిముట్టు చూడని వాళ్ళ కోసం ఒక మాట. ఆల్చిప్ప వీపుని గరుకు రాయి మీద నీళ్ళు చల్లుతూ అరగదీస్తే, ఉబ్బెత్తుగా ఉన్న చోట సన్నటి చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు బ్లేడులా ఉంటుంది. గుంట వైపు బొటనవేలు ఆనించి పట్టుకుని, వీపుతో కాయని గీస్తే తొక్క ఆ చిల్లులోంచి చుట్టలు చుట్టుకుంటూ లోపలికి వస్తుంది. అమ్మది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో చిప్ప, కుడిచేత్తో కాయ పట్టుకుని పీట మీద కూర్చుందంటే మధ్యాహ్నం కాఫీ వేళకి వంద కాయలూ బోడిగా అయ్యేవి.

విశాఖలో వెతక్కపోలేదు. పూర్ణా మార్కెట్ అంతా తిరిగాను. బీచ్ రోడ్డులో గవ్వలూ శంఖాలూ అమ్మే వాళ్ళని అడిగాను. వాళ్ళ దగ్గరున్నవి సముద్రపు చిప్పలు. మందంగా, వీపు మీద గాడులతో ఉంటాయి. అవి కాయని గీకుతాయి గాని ఒలవవు. మాగాయకి పనికొచ్చేది మంచినీళ్ళ చిప్పే. పల్చగా, నున్నగా, పొడవుగా అరచేతిలో ఇమిడిపోతుంది. "అది మా పుట్టింటిదే. వంశధారది" అంది అమ్మ. అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. ఇప్పుడక్కడ పిన్ని ఉంది. బడికి సెలవులిచ్చిన మర్నాడే గుణుపూర్ రైలెక్కాను.

నౌపడ దాకా అది కలకత్తా లైనే. అక్కడ ఉప్పు మళ్ళు తెల్లగా మెరుస్తుంటే, బండి లోపలికి, కొండల వైపు తిరుగుతుంది. ఇది పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి మొదలై 1931లో గుణుపూర్ చేరింది. అమ్మ చిన్నప్పుడు బొగ్గు నలుసులు కళ్ళలో పడుతూ ప్రయాణం చేసిన బండి ఇదే. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజిగా మార్చి, 2011లో మళ్ళీ నడిపారు. ఇప్పుడు కళ్ళలో ఏమీ పడదు. పల్లీల బుట్టలతో ఎక్కేవాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు.

పాతపట్నం దాటగానే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. స్టేషన్ బయట ఆటో అతను నన్ను ఒడియాలో పిలిచి, రేటు తెలుగులో చెప్పి, చిల్లర లేదని మళ్ళీ ఒడియాలో చెప్పాడు.

పిన్ని రాత్రి పఖాళ పెట్టింది. మన చద్దన్నానికి అక్కచెల్లెలు. నీళ్ళన్నం, పెరుగు, వేయించిన వడియాలు, పచ్చి ఉల్లిపాయ. తింటూ అసలు సంగతి చెప్పాను. పిన్ని పడీపడీ నవ్వింది.

"చిప్ప కోసం విశాఖ నుంచి వచ్చావా? ఇప్పుడెవరే చిప్పతో తీస్తున్నారు? నేను పీలరే వాడతన్నాను."

ఆ మాట అమ్మకి చెప్పొద్దని కూడా అంది.

రెండో రోజు: ఊళ్ళోనే

పొద్దున్నే బాబాయి నన్ను మహేంద్రతనయ ఒడ్డుకి తీసుకెళ్ళాడు. మహేంద్రగిరి కొండల్లో పుట్టి ఈ ఊరి పక్కగా వెళ్ళి వంశధారలో కలిసే ఏరు. వేసవి కాబట్టి నీరు ఒక పాయగా మిగిలింది. ఒడ్డున పాలిథిన్ సంచులు, పూజ పూలదండలు, మురుగు కాలువ వచ్చి కలిసే చోట నురగ. బురదలో నత్తగుల్లలు చాలా ఉన్నాయి. ఆల్చిప్ప మాత్రం ఒక్క ముక్క దొరికింది, అదీ వేలితో నొక్కితే సున్నం పొడిలా రాలింది.

సున్నం అంటే బాబాయికి ఒకటి గుర్తొచ్చింది. ఆయన చిన్నతనంలో ఇక్కడ గుల్ల సున్నం కాల్చేవాళ్ళట. గుల్లలూ చిప్పలూ పొరలు పొరలుగా బొగ్గుతో పేర్చి బట్టీలో కాల్చితే, అవి ఆకారం చెడకుండానే తెల్లగా, తేలిగ్గా అయిపోతాయి. వాటి మీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి, సెగలు కక్కి, వెన్నలాంటి సున్నంగా విచ్చుకుంటాయి. తాంబూలంలోకి వాడే సున్నం ఇదే. రాతి సున్నం నాలుకని కొరుకుతుందని తాతయ్య గుల్ల సున్నమే వేసుకునేవాడట. ఆ బట్టీ ఉన్న చోట ఇప్పుడు మొబైల్ రీచార్జి కొట్టుంది.

తర్వాత బజారుకి వెళ్ళాం. ఒడియాలో చిప్పని శాముకా అంటారని విని, బుట్టలు పెట్టుకు కూర్చున్న ఒకావిడని అడిగాను. ఆవిడ గోనెపట్టా తీసి తడి నత్తలు చూపించింది. "ఇవి గెండాలు కదా" అన్నాను, నాకున్న నాలుగు ఒడియా ముక్కలూ వాడేస్తూ. "గెండా తిను, బలం" అంది ఆవిడ మంచి తెలుగులో. ఊరు సంగతి మళ్ళీ మర్చిపోయాను. ఇక్కడ ఎవరికి ఏ భాష వచ్చో మొహం చూసి చెప్పలేం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో మాష్టారుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నారు. నేనూ మాష్టరమ్మనే, నాలుగు రోజుల్లో బేరం మాటలైనా వస్తాయేమో చూద్దామనుకున్నాను. రాలేదు.

మధ్యాహ్నం ఎండకి బయటికి పోలేదు. అమ్మ ఫోన్ చేసింది. "దొరికిందా?" ఇంకా లేదన్నాను. "కాయలు ముగ్గిపోతాయి మరి" అని పెట్టేసింది.

మూడో రోజు: కాశీనగర్, వంశధార

పిన్ని కొడుకు బైకు మీద ఆరింటికే బయల్దేరాం. కాశీనగర్ దగ్గర వంశధార చూడాలంటే ఎండాకాలమే చూడాలి. నది అంటే ముప్పాతిక వంతు ఇసక. మధ్యలో రెండు మూడు పాయలు, పిక్కల లోతు నీళ్ళు, అక్కడక్కడా నడుం లోతు గుంటలు. అవతలి ఒడ్డున కనిపించే కొబ్బరిచెట్లు ఆంధ్రావి. ఈ నీళ్ళలో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేశారు, నేరడి దగ్గర ఆంధ్రా బ్యారేజీ కట్టుకోవచ్చని 2017లో చెప్పారు. పొద్దున్న ఆరున్నరకి మాత్రం ఇక్కడ ఒక గేదెల మంద ఆంధ్రాలోంచి ఒడిశాలోకి తీరిగ్గా నడిచి వస్తోంది.

వల ఆరేసుకుంటున్న ఒకావిడ కనిపించింది. యాభై దాటి ఉంటాయి. "అప్పా, ఇక్కడ ఆల్చిప్పలు దొరుకుతాయా?" అని అడిగాను.

"కూరకా, మందుకా?"

"మాగాయకి."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని లేచింది. "రా సూపిత్తాను. అయి కాలికి తగుల్తాయి గాని కంటికి తగల్వు."

పాయలో నీరు తేటగా ఉన్న చోట ఆగి, కిందికి వేలు చూపించింది. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత మెత్తటి ఒండు ఇసక మీద ఒక గీత కనబడింది. ఎవరో కర్రతో వంకరటింకరగా గీసినట్టు జానెడు, మూరెడు, ఇంకా దూరం. ఆ గీత ఆగిపోయిన చోట ఇసకలో వేలి వెడల్పున చిన్న చీలిక. చీలికలో పక్కపక్కనే రెండు నోళ్ళు, ఒకదాని అంచుకి సన్నటి వెంట్రుకల్లాంటి కుచ్చు. నా నీడ పడగానే రెండూ టక్కున మూసుకున్నాయి, ఇసక ఒక్క పిసరు కదిలింది, ఇంకేమీ లేదు.

ఇరవై రెండేళ్ళ కింద బీఎస్సీలో చదివిందంతా ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చింది. మాకు జువాలజీలో యూనియో అనే మంచినీళ్ళ చిప్ప ఉండేది. పాదం గొడ్డలి ఆకారంలో ఉంటుంది కాబట్టి పెలెసిపోడా అని, తల లేదని, పేగు గుండె మధ్యలోంచి పోతుందని బట్టీ పట్టాను. మా ప్రాక్టికల్స్ మాష్టారు "పేగు గుండెలోంచి పోయే జీవి ఇదొక్కటే కాదమ్మా, మీరు పరీక్ష రాస్తున్నంతసేపూ నా పరిస్థితీ అంతే" అనేవారు. ఫార్మలిన్ వాసన కొట్టే ట్రేలో కోసిన ఆ బూడిదరంగు ముద్దకీ, ఇప్పుడు నా నీడకి ఉలిక్కిపడ్డ దీనికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టలేదు. ఆ గొడ్డలి పాదంతోనే అది ఈ మూరెడు గీత గీసింది. పాదాన్ని ఇసకలోకి గుచ్చి, చివర ఉబ్బించి లంగరు వేసుకుని, ఒళ్ళంతటినీ ముందుకి లాక్కుంటుంది. నీరు తగ్గే కొద్దీ లోతు వెతుక్కుంటూ ఇలా పోతుందట.

అప్ప అరికాలితో ఇసక తడుముకుంటూ నడిచింది. తగిలిన చోట బొటనవేలితో పైకి నొక్కి, వంగి తీసి, చూడకుండానే నడుముకి కట్టిన సంచిలో వేసింది. పావుగంటలో పద్నాలుగు. నేను అరగంటలో ఒకటి తీశాను, అది రాయి.

అన్నీ ఒక్క రకం కావు. పొడవుగా, ముదురు గోధుమ రంగులో నా అరచేయంత ఉన్నది ల్యామెల్లిడెన్స్. మాగాయ చిప్ప ఇదే. పొట్టిగా, గుండ్రంగా, మందంగా ఉండి పైకొస మీద మెలికల గీతలున్నది ప్యారీసియా. ఇవి కాక, గోరంత నుంచి అర్ధరూపాయి బిళ్ళంత వరకు, పసుపుపచ్చ రంగులో దగ్గర దగ్గరగా వరసలు తీరిన చిన్నవి, గుప్పెడు ఇసక ఎత్తితే మూడో నాలుగో వచ్చాయి. కోర్బిక్యులా. వాటిని పిల్లలు కూడా పట్టించుకోరు. ఈ కోర్బిక్యులా జాతే ఆసియా నుంచి అమెరికా చేరి, 1938లో అక్కడి కొలంబియా నదిలో కనబడి, తర్వాత కరెంటు కేంద్రాల నీటి గొట్టాల్లో అడ్డం పడి వాళ్ళ చేత కోట్లు ఖర్చు పెట్టించింది. ఇక్కడ వంశధారలో బుద్ధిగా ఇసకలో పడుంది.

పరీక్షలో తప్పకుండా వచ్చే ఐదు మార్కుల ప్రశ్న ఇంకొకటుంది: గ్లొకీడియం లార్వా గురించి రాయుము. బొమ్మ వేస్తే రెండు మార్కులు. రెండు బుల్లి చిప్పలు, వాటి కొసకి కొక్కేలు, మధ్యలోంచి పొడవాటి దారం. బొమ్మ బాగా వేసేదాన్ని. ఆ దారం ఎందుకో మాత్రం ఈ నీళ్ళలో నిలబడ్డాకే అర్థమైంది. తల్లి తన మొప్పల్లోనే లక్షల పిల్లల్ని మోస్తుంది. నీళ్ళలోకి వదిలాక అవి ఏ చేప మొప్పకో, రెక్కకో పట్టుకోవాలి. పట్టుకోలేనివి చచ్చిపోతాయి. పట్టుకున్నవాటి చుట్టూ చేప చర్మం కప్పుకుంటుంది. కొన్ని వారాలు అక్కడే పెరిగి, ఎక్కడో ఒక చోట ఇసకలోకి రాలిపడి చిప్ప బతుకు మొదలుపెడతాయి. రోజంతా కష్టపడి మూరెడు పాకే జీవి, ఏటికి ఎదురు మైళ్ళు పోవాలంటే వేరే దారి లేదు, చేప మీద ఎక్కాల్సిందే. ఏటికి అడ్డంగా గోడ కట్టి చేప దారి మూస్తే, చిప్ప దారీ మూసుకున్నట్టే. కోర్బిక్యులాకి ఈ బాధ లేదు. పిల్లల్ని మొప్పల్లోనే కాస్త పెంచి నేరుగా ఇసకలోకి వదిలేస్తుంది. గుప్పెట్లో మూడు నాలుగు వచ్చింది అందుకేనేమో.

ఇదంతా అప్పకి చెబుదామని మొదలుపెట్టాను. "సేపలో పెరుగుతాదా?" అని ఒక్క క్షణం ఆగి, "మా నాన్న మట్టగిడసలున్న గుంట సూసి దిగమనేవోడు, ఎందుకో సెప్పలేదు" అంది.

వాళ్ళ ఇంట్లో కూర చూశాను. రాత్రంతా మంచినీళ్ళలో ఉంచితే మట్టి కక్కేస్తాయట. మరిగే నీళ్ళలో వేయగానే ఒక్కొక్కటీ నోరు తెరిచాయి. చిప్పని మూసి ఉంచేది లోపలి రెండు కండరాలు, తెరిచేది వెనక కీలు దగ్గరున్న రబ్బరులాంటి పట్టీ. కండరం పట్టు వదిలితే పట్టీ దాన్ని తెరిచేస్తుంది. అందుకే చచ్చిన చిప్ప ఎప్పుడూ తెరుచుకునే దొరుకుతుంది. ఆల్చిప్పల్లాంటి కళ్ళు అని కథల్లో హీరోయిన్లని పొగిడిన వాళ్ళు ఈ సంగతి తెలిసి రాశారో తెలియక రాశారో. నల్లటి పేగు తీసేసి, ఉల్లిపాయ, ఎండుమిరప, వెల్లుల్లి దట్టించి వేయించింది. తిన్నాను. మొదటి ముద్ద బాగుంది. రెండోది నమలడం మొదలుపెట్టాక ఎప్పుడు ఆపాలో తెలియలేదు. మా తమ్ముడు మాత్రం నా ప్లేటు కూడా ఖాళీ చేశాడు.

ఉడికిన చిప్పల్లో పొడవైనవి ఐదు కడిగి ఇచ్చింది. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, కాఫీ పొడి అడిగింది. అలాగే బతికున్నవి మూడు ఒక పాలడబ్బాలో వేయించుకున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను. తిరుగు దారిలో గుంతల రోడ్డు మీద బైకు ఎగిరినప్పుడల్లా సంచిలో టకటక చప్పుడు. ఇంటికొచ్చి చూస్తే ఐదింట్లో నాలుగు బీటలు వారాయి, ఐదోది అంచు విరిగింది. ఉడికించిన చిప్ప పెళుసు అని పిన్ని అప్పుడు చెప్పింది.

నాలుగో రోజు: బకెట్టు, గుణుపూర్

బతికున్న మూడింటినీ రాత్రి పెరట్లో ఒక బకెట్టులో వేశాను. బకెట్టు నిండా చెరువు నీళ్ళు, పచ్చగా, అడుగు కనబడనంత చిక్కగా. పక్కనే అవే నీళ్ళతో ఇంకో బకెట్టు, చిప్పలు లేకుండా. ఇది కూడా బీఎస్సీలో చేయాల్సిన ప్రయోగమే, అప్పుడు మాకు బకెట్లు లేవన్నారు.

ఐదున్నరకి లేచి టార్చి వేసి చూశాను. చిప్పల్లేని బకెట్టు రాత్రి ఎలా ఉందో అలాగే ఉంది. రెండో దాంట్లో అడుగున బాబాయి పెయింటుతో వేసిన ఇనీషియల్స్ చదవగలిగాను. మూడు చిప్పల చుట్టూ ఆకుపచ్చ బంక ముద్దలు ముద్దలుగా పడుంది. తినగా తినగా మిగిలింది జిగురులో చుట్టి బయట పారేస్తాయి. పెద్ద చిప్ప ఒక్కటే రోజుకి పదుల లీటర్ల నీరు తన ఒంట్లోంచి తోడి వడకడుతుంది. బాబాయి తన ఇనీషియల్స్ కేసి చాలాసేపు చూసి, "వాటర్ ఫిల్టర్‌కి సర్వీసు వాడు వచ్చి పోయినప్పుడల్లా ఆరువందలు" అన్నాడు.

అయితే వడకట్టినదంతా మాయమైపోదు. నీళ్ళలో సీసం, కాడ్మియం లాంటివి ఉంటే అవి దాని ఒంట్లోనే పేరుకుంటాయి. ఊరి మురుగు కలిసే చోట చిప్ప దొరికినా కూరకి తేకూడదని అందుకే పిన్నికి గట్టిగా చెప్పాను. పిన్ని జన్మలో తినలేదట, ఇకముందూ తినదట.

గుణుపూర్ వెళ్తూ దారిలో కాశీనగర్ దగ్గర ఆగి మూడింటినీ పాయలో వదిలాం. అప్ప కనబడలేదు, కాఫీ పొడి పక్కింట్లో ఇచ్చాం.

గుణుపూర్ శివార్లలో తమ్ముడి స్నేహితుడి అన్నయ్య ముత్యాల సాగు చేశాడని విన్నాం. చేశాడు అన్నమాట ముఖ్యం. ఇప్పుడు ఆ చెరువులో బొచ్చెలూ, రాగండీలూ ఉన్నాయి. గట్టు మీద మంచం వేసి కూర్చోబెట్టి కొబ్బరిబోండాం ఇచ్చి మొదలుపెట్టాడు. నాలుగేళ్ళ కింద ఫోన్‌లో వీడియోలు చూసి, ఒక కంపెనీ వాళ్ళకి డబ్బు కట్టాడు. ఆపరేషన్ చేసిన రెండువేల చిప్పలు వాళ్ళే ఇస్తారు, ఏడాదిన్నర తర్వాత ముత్యాలు వాళ్ళే కొంటారు. లారీలో గోనెల్లో వచ్చిన చిప్పల్లో సగం దించేటప్పటికే నోళ్ళు తెరుచుకున్నాయి. మిగతావి నెల తిరక్కుండా రోజుకి ఇరవై చొప్పున పోయాయి. ఏడాదిన్నర తర్వాత ఆ నంబరు మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. "చిప్పలు పోతే పోయాయి మేడమ్, చివరికి చిప్ప నా చేతికొచ్చింది" అని తనే నవ్వాడు.

ఆ కసితోనే భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న సీఫాకి వెళ్ళి శిక్షణ తీసుకున్నాడు. కేంద్ర మంచినీటి చేపల పెంపకం సంస్థ అది. మన చిప్పల్లో ముత్యం పండించే పద్ధతిని మనదేశంలో తీర్చిదిద్దింది అక్కడే. వెళ్ళొచ్చాక తనకి అర్థమైంది, ఆ గోనెల్లో వచ్చినవాటికి ఎవరూ సరిగ్గా ఆపరేషనే చేయలేదని. చేయాల్సిన పద్ధతి వేళ్ళతో చూపిస్తూ చెప్పాడు. చిప్పల్ని రెండు మూడు రోజులు ఇరుకు తొట్టిలో తిండి లేకుండా ఉంచాలి, కండరం నీరసపడి తేలిగ్గా తెరుచుకుంటుంది. సెంటీమీటరు మించి తెరవకూడదు, చిరిగితే చచ్చిపోతుంది. లోపలి గోడకీ, ఒంటిని కప్పి ఉండే ప్రావారం అనే మెత్తటి పొరకీ మధ్య పూసని దూర్చాలి. తర్వాత పదిరోజులు మందు కలిపిన నీళ్ళలో ఆసుపత్రి. ఆ తర్వాతే నైలాన్ వల సంచుల్లో రెండేసి చొప్పున వేసి, వెదురు కర్రలకి కట్టి, చెరువులో మీటరు లోతున వేలాడదీయాలి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు. నీళ్ళు లేత పచ్చగా ఉండాలి, మరీ పచ్చబడితే ఊపిరాడదు.

రెండోసారి రెండొందలు మాత్రమే వేశాడు. తీసిన వాటిలో ఒకటి ఇంట్లో దేవుడి పటం దగ్గర పెట్టాడు, తెచ్చి చూపించాడు. సగం చిప్ప. లోపలి గోడ మీద రూపాయి బిళ్ళంత వినాయకుడు, తొండంతో సహా, చిప్ప మెరుపే ఆ బొమ్మ మీద కూడా పాకి. చిప్ప పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసిన బొమ్మ అది, దాని మీద చిప్ప తన ముత్యపు పొర కప్పేసింది. చైనా వాళ్ళు 13వ శతాబ్దం నుంచే చెరువు చిప్పల్లో ఇలా బుద్ధుడి బొమ్మలు చేస్తున్నారు. గుండ్రటి ముత్యాన్ని చిప్పలో పుట్టించి చూపినది 1761లో స్వీడన్‌లో లిన్నేయస్, మొక్కలకీ జంతువులకీ రెండేసి లాటిన్ పేర్లు పెట్టిన ఆయనే.

స్వాతి చినుకు పడితే ముత్యం పుడుతుందని చిన్నప్పుడు నేను ఆరుబయట గిన్నె పెట్టి నిలబడ్డాను. ఇసక రేణువు లోపల పడితే పుడుతుందని తర్వాత బడిలో పిల్లలకి పాఠం కూడా చెప్పాను. అదీ సరికాదు. ఇసకలోనే బతికే జీవికి ఇసక కొత్త కాదు, నీళ్ళతో పాటే ఉమ్మేస్తుంది. ప్రావారం చిరిగినప్పుడు, లేదా ఏ పురుగో అందులోకి తొలిచి దూరినప్పుడు, దాని చుట్టూ పొర మీద పొర వేసి సమాధి కడుతుంది. ఆ సమాధే ముత్యం. బడి తెరిచాక ఆరో తరగతికి క్షమాపణ చెప్పాలి.

"ఇప్పుడెందుకు మానేశారన్నా?" అని అడిగాను.

"నదిలో చిప్ప దొరకడం లేదు మేడమ్. కొని తెస్తే దారిలో పోతుంది. దగ్గర్లోది కావాలంటే ఇసక పాయలన్నీ తవ్వేశారు కదా" అన్నాడు. ఆ మాట నిజమో కాదో తిరిగొచ్చేటప్పుడు చూశాం. ఒకచోట పాయ పక్కన ఇల్లంత గొయ్యి, అందులో పసుపుపచ్చ నీళ్ళు నిలవ ఉన్నాయి. నిన్న చూసిన గీతలేవీ ఇక్కడ లేవు. చిల్లుముక్కు కొంగలు రెండు గట్టు మీద నిలబడి గొయ్యి కేసి చూస్తున్నాయి. నత్తనీ చిప్పనీ పగలగొట్టకుండా తీసుకు తినగల పక్షి అది, తినడానికి ఏమైనా ఉంటే.

ఐదో రోజు: పిన్ని వీధి

మధ్యాహ్నం రైలు. అమ్మకి ఫోన్ చేసి దొరకలేదని చెప్పేశాను. అటు వైపు నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. "సరే, కొట్లో మాగాయే కొనుక్కుందాం" అంది చివరికి. ఇలాంటి మాట అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు.

పాలప్యాకెట్టుకి వీధి చివరికి వెళ్ళాను. అక్కడ మేడ కడుతున్నారు. రోడ్డు సగం ఆక్రమించి ఇసక కుప్ప. ఇద్దరు కూలీలు ప్లాస్టరింగ్ కోసం ఇసక జల్లెడ పడుతున్నారు, ఒకళ్ళు పారతో విసురుతుంటే ఇసక అటు రాలుతోంది, రాళ్ళూ చెత్తా ఇటు జారుతోంది. ఇటు జారినదాంట్లో తెల్లగా ఏదో మెరిసింది.

పాల సంగతి మర్చిపోయాను. ఆ రాళ్ళ కుప్పలో మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. అన్నీ చిప్పలే. వందల కొద్దీ. ప్యారీసియా, కోర్బిక్యులా, ల్యామెల్లిడెన్స్, విరిగినవి, నలిగినవి, కొన్నింట్లో ఎండిన మాంసం ఇంకా అంటుకుని ఉంది. ఇసకతో పాటే లోడరు ఎత్తి, ట్రాక్టరు మోసుకొచ్చినవి. నదిలో ఇన్ని రోజులూ వెతికింది పిన్ని వీధిలో గుట్టగా ఉంది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు మేస్త్రీ అనుమానంగా.

"చిప్పలు."

"తీసుకెళ్ళండి, తీసుకెళ్ళండి. గోడలోకొస్తే పొక్కులొస్తాయి, ఏరి ఏరి చస్తున్నాం."

అరగంటకి ఒక్కటి దొరికింది. అరచేయంత పొడవు, ఎక్కడా బీట లేదు, రెండు రెక్కలూ కీలు దగ్గర ఇంకా అంటుకునే ఉన్నాయి. వీపు మీద ఏటి పొంగులూ ఎండలూ గీసిన వలయాలు, లెక్కపెట్టబోయి ఏడు దగ్గర తడబడ్డాను.

పిన్ని కీలు తెంచి రెండూ వేరు చేసింది. నలుగు రాయి మీద నీళ్ళు చిలకరించి అరగదీయడం మొదలుపెట్టింది. పైన గోధుమరంగు తోలు పొర ముందు పోయింది, తర్వాత తెల్లటి సున్నపు పొర, దాని కింద ముత్యపు మెరుపు కనబడింది, ఆపైన ఒక్కసారిగా వెలుతురు దూసుకొచ్చింది. గింజంత చిల్లు. దాన్ని నెమ్మదిగా బద్దంత చేసింది. ఇంట్లో ఉన్న ఒక్క మామిడికాయ మీద గీసి చూసింది. తొక్క సన్నటి రిబ్బనులా చుట్టుకుంటూ గుంటలోకి వచ్చింది. పిన్ని ఆ రిబ్బను ఎత్తి కిటికీ వెలుతురులో చూసింది. పీలర్ గురించి ఇక మాట్లాడలేదు.

"రెండోది నేనుంచుకుంటానే" అంది. రైలు టైమైంది. అరగదీసిన దాన్ని దూదిలో చుట్టి, సబ్బు పెట్టెలో పెట్టి, చేతిలోనే పట్టుకుని ఎక్కాను.

ఆరో రోజు: ఇంట్లో

అమ్మ పీట, కత్తిపీట, కడిగి తుడిచిన యాభై కాయలు, పాత చీర, అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. సబ్బు పెట్టె తెరిచి చిప్ప తీసి చేతిలో పట్టుకుంది. తిప్పింది. మళ్ళీ తిప్పింది. కాయ మీద ఒక గీత గీసింది, బొటనవేలు జారింది. కుడిచేతిలోకి మార్చి చూసింది, మళ్ళీ ఎడమచేతిలోకి తెచ్చుకుంది.

"ఇది కుడిచేతి వాళ్ళది కదే."

"చిప్పకి కుడీ ఎడమా ఏంటమ్మా?"

"ఎందుకుండదు? రెండు రెక్కలుంటాయి కదా, ఒకటి ఇటు, ఒకటి అటు. దీని పొడవు కొస అరచేతిలోకి రావాలి, నాకు వేళ్ళ వైపు పోతోంది. రెండోదేది?"

పిన్ని దగ్గరుందని చెప్పాను. అమ్మ అప్పటికే ఫోన్ తీసి నంబరు నొక్కుతోంది.

"ఒసే చిన్నమ్మీ, నీ దగ్గరున్న చిప్ప అరగదీశావా? తియ్యకు. ఆగు. కుడిచేతి దానివి నీకెందుకే అది, నాది నీకు పంపుతాను, నీది నాకు పంపు. రేపు గుణుపూర్ బండికి ఎవరైనా వస్తున్నారేమో కనుక్కో. కాయలు ముగ్గిపోతున్నాయి."